మొలలని చెప్పిన బావ

శుక్రవారం, మే 1986

మా ఆయనకు మొలలు కావంట, పెద్దపేగు చివర్ల క్యాన్సరంట. దవాఖానల డాక్టరమ్మ పోయినవారం వేలు పెట్టి చూసి, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఇయ్యాల చెప్పింది.

ఏడాది సంది దొడ్డికి పోతే రక్తం పడుతుంటే మా బావ, ఈయన అన్న, పెద్ద వైద్యుని లెక్క "వేడి చేసింది, సబ్జా నీళ్లు తాగు" అన్నడు. తగ్గకపోతే ఫోరస్ రోడ్డు మీద మొలల బోర్డు పెట్టుకున్నోని దగ్గరికి తమ్ముణ్ణి తీస్కపోయిండు. వాడు చూడను కూడా చూడలే, పొడి పొట్లం కట్టిచ్చిండు. ఈయన అన్న గీసిన గీత దాటడు. దవాఖానకు పోదామని నేనంటే "ఆడోళ్లకేం తెలుసు" అన్నరు ఇద్దరు. వీళ్లకు మస్తు తెలుసు మరి.

ఆపరేషన్ చేస్తే బతుకుతడంట, కాకపోతే మలం పోయేటందుకు కడుపుకు సంచి పెట్టాల్సి రావచ్చంట. బావ దానికీ మూతి తిప్పిండు. "సంచి మోస్కుంట తిరుగుడు ఒక బతుకేనా?" అంటడు. తమ్ముని పానం బావకు ఇంత సులకన. తోడబుట్టినోళ్లు కూడా చూపించుకోవాలని డాక్టరమ్మ అన్నదంటే, పాన్ నమలుకుంట నవ్విండు.

పొద్దూకినంక నల్ల కాడ నీళ్లు పడుతున్న. దొడ్డికి పోయిన బావ సండాస్ నుంచి డబ్బా పట్టుకోని వచ్చి నిలబడ్డడు. చాల్‌ల వరుస గదులోళ్లు ఎవరన్న ఉన్నరా అని అటిటు చూసిండు.

"సుశీలా, వానికి మొదట్ల రక్తం ఎట్ల పడేది?" మెల్లగ అడిగిండు.

సబ్జా నీళ్లు తాగు బావా అని నోటిదాక వచ్చింది.

సోమవారం ఇద్దర్నీ తీస్కపోవాలె.