ఎడమ భుజంలో మూడు పొరలు

పంతులమ్మగారికి,

ఇక్కడ నేనూ పిల్లా క్షేమం. అక్కడ నువ్వూ, నీ క్లాసులో నలభై ఇద్దరూ, నీ గదిలో గురక పెట్టే లెక్కల టీచరమ్మగారూ క్షేమమని తలుస్తాను. క్షేమం అనే మాట రాయకపోతే ఉత్తరానికి బొత్తాం ఊడినట్టు ఉంటుందని రాశాను కానీ, దాని గురించి కింద మళ్ళీ మాట్లాడుకోవాలి. జ్వరాలూ దెబ్బలూ ఏమీ లేవు. పిల్ల ఇప్పుడు బళ్ళోనే ఉంది, పొద్దున తినే వెళ్ళింది. కాబట్టి ఆఖరి పేజీకి దూకకుండా వరసగా చదువు. నువ్వు దూకే మనిషివని నాకు తెలుసు.

నీ ఉత్తరం సోమవారం అందింది. మొగుడికి రాసే ఉత్తరంలో ప్రశ్నలకి నంబర్లు వేసే ఆడమనిషి నువ్వొక్కదానివే అయ్యుంటావు. సరే, జవాబులు. పొయ్యి రెండో బర్నరు బాగైంది. డాబా మీద ట్యాంకు కారడం ఆగలేదు గానీ తగ్గింది, కింద బకెట్ పెట్టాం, ఆ నీళ్ళతో పిల్ల మెట్ల మీది కుండీలు తడుపుతోంది. నా దగ్గు పోయింది. షాపులో పని నిండా ఉంది, రెండు పెళ్ళిళ్ళ సూట్లు ఒకేసారి వచ్చి నెత్తిన పడ్డాయి. కాజాల పిన్నికి కంటి ఆపరేషన్ బాగా జరిగింది. పంతొమ్మిదేళ్ళుగా మన షాపులో చేత్తో కాజాలు కుట్టిన మనిషి, ఇప్పుడు చూపు తిరిగొచ్చేసరికి నా మిషను కుట్లకి వంకలు పెడుతోంది. "ఇన్నాళ్ళూ నాకు కనపడక బతికిపోయావురా అబ్బాయ్" అంటోంది. నవ్వాను గానీ ఆ మాట నాకు లోపల ఎక్కడో తగిలింది.

మూడో ప్రశ్న ఎగ్గొట్టానని ఈపాటికి పట్టేసి ఉంటావు. మార్కులు కొయ్యకు, వస్తున్నాను. "అంగుళం ఎంత ఎదిగింది? కొలిచి రాయండి. బాగానే ఎదిగింది అని రాస్తే ఒప్పుకోను" అని రాశావు.

దానికి అంగుళం అని పేరు ఎలా వచ్చిందో నీకు చెప్పక్కర్లేదు. ఆస్పత్రిలో ఉయ్యాల్లో పడుకోబెట్టగానే మెళ్ళో టేపు తీసి కొలిచాను. నర్సు పడీ పడీ నవ్వింది. పద్దెనిమిది వచ్చింది. సరిగ్గా పట్టలేదేమో, ఇంకో అంగుళం ఉంటుందేమోనని మళ్ళీ కొలిచాను. నువ్వు మంచం మీంచి నీరసంగా, "ఎన్నిసార్లు కొలిచినా అంతేనండీ, ఆ అంగుళం మనమే పెంచుకోవాలి" అన్నావు. అప్పట్నుంచీ నా కొలతల పుస్తకంలో ఆఖరి పేజీలు దానివి. ఎవరి చొక్కా గుడ్డలోనో మిగిలిన ముక్కతో కుట్టిన మొదటి గౌను నా అరచెయ్యంత ఉంది. గౌను అంచు మడతలో రెండంగుళాలు వదిలి కుట్టేవాణ్ణి, ఏడాదికి సరిపోతుందని. ఆర్నెల్లకే విప్పాల్సొచ్చేది. విప్పినప్పుడల్లా నాకు పండగే.

ఆరేళ్ళప్పుడు గుర్తుందా? షాపులోకి వచ్చి, ఖాతాదార్లు నిలబడే బల్ల ఎక్కి, గొంతు పెద్దది చేసి, "కొంచెం లూజుగా పెట్టండి మేస్త్రీగారూ, మేం ఎదిగేవాళ్ళం" అంది. తొమ్మిదేళ్ళకి ప్రతి గౌనుకీ జేబులు కావాలంది. వాటినిండా సుద్దముక్కలు తెస్తే బట్టలుతికే నువ్వు డాబా మీదికి తీసుకెళ్ళి నా మీద అరిచావు. పదకొండు నిండాక ఒకరోజు బల్ల ఎక్కకుండా అక్కడే నిలబడి, "పిన్నమ్మ కొలుస్తుంది నాన్నా, నువ్వు బయట రాసుకో" అంది. సరేనమ్మా అని తెర ఇవతలికొచ్చి నిలబడ్డాను. సంతోషమూ వేసింది, ఏదో పోగొట్టుకున్నట్టూ అనిపించింది. ఆవేళ నీకు ఉత్తరంలో ఈ సంగతి సగమే రాశాను.

ఇప్పుడు రాయాల్సింది రాస్తాను. ఫోన్లో చెప్పొచ్చుగా అని అడుగుతావు. మూడుసార్లు మొదలుపెట్టాను. నువ్వు "ఆఁ, చెప్పండి" అంటావు, నేను ట్యాంకు గురించి చెప్తాను.

పోయినేడాది బళ్ళు తెరిచేముందు తెర వెనకనించి పిన్ని కొలతలు చెప్తోంది, నేను రాస్తున్నాను. భుజం నుంచి నడుముకి కుడివైపు ఒక లెక్క చెప్పింది, ఎడమవైపు పావంగుళం తక్కువ చెప్పింది. పావంగుళం తేడా ఎవరికైనా ఉంటుంది. ఆర్నెల్ల తర్వాత ఆ పావు అర అయింది. పిన్నికి చూపు ఆనడం లేదు, టేపు జారి ఉంటుంది అనుకున్నాను. అలా అనుకుంటే ప్రాణానికి సుఖంగా ఉంది కాబట్టి అనుకున్నాను. కానీ మర్నాడు పిల్ల సంచీ తగిలించుకుని వీధి మలుపు దాకా నడుస్తుంటే షాపు గుమ్మంలోంచి చూశాను. ఎడమవైపు పట్టీ జారిపోతోంది, అది మళ్ళీ మళ్ళీ పైకి లాక్కుంటోంది. ఇరవై రెండేళ్ళుగా మనుషుల వీపులు చూసి బతుకుతున్నవాణ్ణి. నాకు తెలిసిపోయింది.

తెలిసి ఏం చేశానో చెప్తాను. నాకు పని నేర్పిన మేస్త్రీ మొదటి రోజే చెప్పాడు, ఎవరి ఒంట్లో ఏ తేడా ఉన్నా వాళ్ళతో అనకు, గుడ్డలో సర్దెయ్ అని. గూని ఉన్న పెద్దమనిషికి వీపు దగ్గర గుడ్డ పెంచుతాం. ఒక కాలు పొట్టైన వాడికి ప్యాంటు ఒక పక్క తగ్గిస్తాం. వాళ్ళు అద్దంలో చూసుకుని మురిసిపోతారు, మనం నోరు మూసుకుంటాం. మా పనిలో అదే మర్యాద. నేను నా కూతురికీ ఆ మర్యాదే చేశాను. యూనిఫాం ఎడమ భుజంలో లోపల ఒక పొర కాన్వాసు పెట్టి అస్తరు కుట్టాను. భుజాలు రెండూ సమానంగా కనపడ్డాయి. నా మనసు కుదుటపడింది. తర్వాత రెండో పొర పెట్టాను.

పోయిన సెలవుల్లో నువ్వొచ్చినప్పుడు నీలం గౌను తొడుక్కుని నీకు చూపించింది. నువ్వు దాన్ని చుట్టూ తిప్పి, "మీ నాన్న చెయ్యే చెయ్యి, ఎక్కడా ఒక్క ముడత లేదు" అన్నావు. నేను పొంగిపోయాను. ఆ గౌనులో రెండు పొరలున్నాయి. నువ్వున్న ఆ పదకొండు రోజుల్లో ఏ రోజైనా చెప్పొచ్చు. సంతోషంగా ఉన్నావు, బండెక్కాక చెప్దాం అనుకున్నాను. బండెక్కాక, దూరంలో ఉన్న మనిషిని కంగారు పెట్టడమెందుకు అనుకున్నాను. నీకు దడ పుట్టిస్తానన్న భయం ఒకటీ, నోటితో అంటే నిజమైపోతుందన్న భయం ఒకటీ. పిల్లని మాత్రం రోజూ అదిలించేవాణ్ణి. "నిటారుగా నిలబడు, నిటారుగా కూర్చో, ఏమిటా వాలిపోవడం" అని, అన్నం దగ్గర, పుస్తకం దగ్గర, ఎక్కడ పడితే అక్కడ. అది ఉలిక్కిపడి సర్దుకునేది. పోయిన నెల మూడో పొర పెట్టాను.

ఆటల పోటీలకి బళ్ళో అందరికీ రెడీమేడ్ బనీన్లు ఇచ్చారు. పుట్టి బుద్ధెరిగాక అది వేసుకున్న మొదటి రెడీమేడ్ బట్ట అదే. రెడీమేడ్ అంటే నాకెంత ఒళ్ళుమంటో నీకు తెలుసుగా, పొద్దున్నే నాలుగు మాటలన్నాను కూడా. ఆ బనీను దాని ఒంటి మీద ఉన్నది ఉన్నట్టు నిలబడింది. డ్రిల్లు టీచరమ్మ చూసి, పక్కకి పిలిచి, ముందుకి వంగమని చెప్పి వీపు చూసి, నాకు చీటీ పంపింది. వెంటనే ఎముకల డాక్టరుకి చూపించండి, ఆలస్యం చెయ్యకండి అని.

మర్నాడే తీసుకెళ్ళాను. ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించారు. వెన్నెముక ఒక పక్కకి వంపు తిరిగి ఉంది. ముప్పై నాలుగు డిగ్రీలట. ప్రాణానికేమీ లేదన్నారు, అది ముందు విను. కానీ ఏడాది కిందట తెచ్చి ఉంటే ఇరవై దగ్గరే పట్టుకునేవాళ్ళం అన్నారు. ఇప్పుడు చంకల కిందనించి తుంటి దాకా గట్టి ప్లాస్టిక్ పట్టీ, రోజుకి ఇరవై గంటలు, ఎదుగుదల ఆగేదాకా. రెండేళ్ళో మూడేళ్ళో. నాలుగు నెలలకి మళ్ళీ ఎక్స్‌రే. నలభై ఐదు దాటితే ఆపరేషన్. ఎందుకు పెరుగుతుందండీ అని అడిగాను. పిల్ల ఎదుగుతోంది కదా, ఎదిగే కొద్దీ వంపూ పెరుగుతుంది అన్నారు.

ఈ రెండు నెలల్లో ముప్పావంగుళం ఎదిగింది. ఇదే నీ మూడో ప్రశ్నకి జవాబు. పదమూడేళ్ళుగా ఒక్కో అంగుళానికీ మురిసిన వాణ్ణి, ఇప్పుడు అది గ్లాసు కోసం పై అరకి చెయ్యి చాపి అందుకుంటుంటే గుండె జారిపోతోంది. కొంచెం ఆగమ్మా, ఈ నాలుగు నెలలూ ఆగు, అని లోపల లోపల బతిమాలుకుంటున్నాను.

ఇంతటితో అయిపోలేదు. డాక్టరుగారు మామూలుగానే, "మీరు దర్జీ అంటున్నారు, మీకు ముందే తేడా తెలియలేదా?" అని అడిగారు. "లేదండీ" అన్నాను. పిల్ల పక్కనే ఉంది.

ఇంటికొచ్చాక అది షాపులోకి వెళ్ళి, కుట్లు విప్పే చాకు తీసుకుని, తన యూనిఫాం భుజం విప్పింది. నేను సూటు కత్తిరిస్తున్నాను, చూసుకోలేదు. కాన్వాసు ముక్కలు మూడూ నా బల్ల మీద వరసగా పెట్టింది.

"ఇవెప్పట్నుంచి నాన్నా?"

"పోయినేడాది నుంచి."

"మరి డాక్టరుగారికి లేదన్నావు?"

నేను కత్తెర కింద పెట్టాను. అది ఆ ముక్కల్నే చూసి, "నాకు తెలుసులే. ఎన్నిసార్లు చెప్పినా నేను నిటారుగా ఉండట్లేదని విసుగొచ్చి, చెప్పడం దండగని కుట్టేశావు" అంది. నేను కాదమ్మా అనేలోపే, "కానీ నిజంగా నేను నిటారుగానే నిలబడ్డాననుకున్నాను నాన్నా" అంది.

ఆ మాట విన్న దగ్గర్నుంచి నా చేతిలో దారం సూదిలోకి ఎక్కడం లేదు. పిన్ని ఎక్కించి ఇస్తోంది. ఎందుకురా అని మాత్రం అడగడం లేదు.

ఇప్పుడు పిల్ల వరస చెప్తాను. తను వంగి కూర్చోవడం వల్లే ఇదంతా వచ్చిందని తేల్చుకుంది. బడి నుంచి రాగానే వంటింటి గోడకి వీపు ఆనించి అరగంట నిలబడుతోంది. నొప్పితో కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి, కదలదు. "ఇంకో నెల ఇలా నిలబడితే అదే సరైపోతుంది, పట్టీ అక్కర్లేదు" అంటోంది. పట్టీకి కొలతలు వచ్చే నెల మొదటి సోమవారం. నేను రాను అని తెగేసి చెప్పింది. నిలబడటానికీ కూర్చోవడానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరుగారు చెప్పారు, డ్రిల్లు టీచరమ్మా చెప్పింది. వింటుంది, తలూపుతుంది, వెళ్ళి గోడకి నిలబడుతుంది. తప్పు నాదమ్మా, నాకు ముందే తెలుసు, భయపడి దాచాను అని నేనే చెప్పాను. నా తల నిమిరి, "నువ్వు నన్ను ఓదార్చడానికి అంటున్నావులే" అంది. ఏడాదిపాటు రోజూ విన్న మాటని కాదని, ఒక్కరోజు విన్న మాటని అదెలా నమ్ముతుంది?

అందుకని నువ్వు రావాలి. సెలవు దొరకదని రాయకు, హెడ్మాస్టరుగారికి ఈ ఉత్తరం చూపించినా నాకు పరవాలేదు. శనివారానికల్లా వచ్చెయ్. నేను నీ పక్కన లేనప్పుడు ఈ కాగితం చదువుతూ ఎంత ఏడుస్తావో, నన్ను ఎన్ని మాటలంటావో ఊహించుకోగలను. అందులో ఒక్కటి కూడా నేను కాదనను. కానీ అవన్నీ అక్కడే ఖర్చు పెట్టెయ్యకు.

పిల్ల ఎదుట గొంతు లేవకూడదని అది పుట్టిన కొత్తల్లో నువ్వే పెట్టావు నియమం. కోపమొస్తే నన్ను డాబా మీదికి తీసుకెళ్ళి తిట్టేదానివి. ఇన్నేళ్ళలో ఒక్కసారీ తప్పలేదు, అందుకని మనం పోట్లాడుకుంటామనే సంగతే దానికి తెలియదు. ఈసారికి డాబా వద్దు. వంటింట్లోనే, అది గోడకి నిలబడి ఉన్నప్పుడే మొదలుపెట్టు. తెలిసీ ఎలా దాచావని అడుగు. కోపమొస్తే "మీరు" లోంచి "నువ్వు" లోకి దిగుతావుగా, దిగు. నేను తల వంచుకుని నిలబడతాను. నేను చెప్తే నమ్మలేదు గానీ, నువ్వు నన్ను తిడుతుంటే అది నమ్ముతుంది.

ఇట్లు,
నీ తిట్ల కోసం ఎదురుచూస్తున్న
మీ ఆయన