పెదనాన్న సంతకం

భీమవరం,
5-2-2024

చిరంజీవి నీలవేణికి పెదనాన్న సుబ్బరామరాజు ఆశీస్సులు.

ఫోనులో నాకు సరిగా వినబడదు కాబట్టి రాస్తున్నాను. రాజమండ్రిలో గోదావరి గట్టున నువ్వు కట్టిన ఫైవ్ స్టార్ హోటల్ ప్రారంభానికి రమ్మన్నావు. సంతోషం. కానీ అన్నం తిన్నవాళ్ళ చేతిలో బిల్లు పెడతారటగా! మన ఇంట్లో తిన్న మనిషిని ఇంకొంచెం తినమని బతిమాలాం తప్ప ఏనాడైనా చెయ్యి చాచామా? రాజుల ఇంటి ఆడపిల్లవి, ఇదేం పనమ్మా? నేను రాను.

పెదనాన్న

తా.క. ప్రతి ఉత్తరమూ రిజిస్టర్డ్ పోస్టే ఎందుకు? సంతకం వంకతో పోస్ట్‌మాన్ యెహెజ్కేలు కూర్చుని పెసరట్టు తిని మరీ వెళ్తున్నాడు. రెండోది నేనే వేయించాననుకో.

రాజమండ్రి,
9-2-2024

పూజ్యులైన పెదనాన్నగారికి నీలవేణి నమస్కారాలు.

బిల్లు ఇవ్వకపోతే నా దగ్గర పనిచేసే నూట ఇరవై మంది ఏం తింటారండీ? అందులో సగం మంది ఆడవాళ్ళే. నాన్న ఉంటే దీపం ఆయన చేతే వెలిగించేదాన్ని. ఇప్పుడు ఆ స్థానం మీదే. కారు పంపుతున్నాను.

మీ నీలవేణి

తా.క. రిజిస్టర్డ్ పోస్టు నాకు అలవాటైపోయిందండి. యెహెజ్కేలుకి మూడోది కూడా వేయించండి.

భీమవరం,
20-2-2024

నీలవేణికి,

దీపం వెలిగించాను. మీ నాన్న గుర్తొచ్చి ఏడ్చాను కూడా. తర్వాత జరిగిందే బాధ. అంత పెద్ద ప్లేటులో నిమ్మకాయంత అన్నం పెడతారా? చూడలేక నేనే లేచి పక్క బల్ల దగ్గరి దొరలకి రొయ్యల వేపుడూ నెయ్యీ మారు వడ్డించాను. దొరసాని చేతులు అడ్డం పెట్టినా వదల్లేదు. "బిల్లడిగితే నా పేరు చెప్పండి" అని తెలుగులోనే చెప్పాను, అర్థమైనట్టే తలూపారు. అంతలో మీ మేనేజరమ్మ సుప్రజ నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళబోయింది. సొంత పెదనాన్నని గెంటించావు. ఇక ఆ గడప తొక్కను.

సుబ్బరామరాజు

తా.క. ఆ దొరసానికి అజీర్తి చేయలేదు కదా?

రాజమండ్రి,
24-2-2024

పెదనాన్నగారికి నమస్కారాలు.

మిమ్మల్ని గెంటించడమేంటండీ! దొరసాని మీతో ఫొటో దిగుతానంటే సుప్రజ వెలుతురున్న చోటికి తీసుకెళ్ళబోయింది. మీరు వినిపించుకోకుండా కారెక్కేశారు. వాళ్ళు ఇంకో రెండు రోజులు ఉండిపోయి, పూటపూటా మిమ్మల్నే అడిగారు. ప్రతి ఆదివారం వచ్చి మీకు తోచినట్టు వడ్డించండి. నాన్న పడక్కుర్చీ మీకోసం వరండాలో వేయించాను.

మీ నీలవేణి

తా.క. అజీర్తి చేసిందిట. మళ్ళీ వస్తానంది.

భీమవరం,
1-3-2024

అమ్మా నీలవేణీ,

ఆ కుర్చీలో నేను కూర్చోలేను. ఎందుకో చెప్పకపోతే అన్నం సయించడం లేదు. నువ్వు ఇంటర్ పాసైన ఏడు హైదరాబాద్ హోటల్ మేనేజిమెంట్ కాలేజీ నుంచి నీకో కవరొచ్చింది. సీటు వచ్చిందని చదివి, మన పిల్ల ఊళ్ళోవాళ్ళ ఎంగిలి ప్లేట్లు తియ్యడమా అని నీళ్ళపొయ్యిలో పడేశాను. నువ్వు నెల్లాళ్ళు అరుగు మీద కూర్చుని పోస్టు కోసం చూస్తుంటే, చూస్తూ ఊరుకున్నాను. ఏడేళ్ళు ఆలస్యంగా, మీ నాన్న పోయాక గానీ నీకు ఆ చదువు దక్కలేదు. పాపిష్టివాణ్ణమ్మా.

పెదనాన్న అనిపించుకోదగనివాడు

తా.క. ఇది చదివాక కారు పంపకు. పంపితే ఎక్కేస్తాను.

రాజమండ్రి,
5-3-2024

పెదనాన్నగారికి నమస్కారాలు.

నాకు తెలుసండి. మర్నాడు ఆ పొయ్యిలో బూడిద ఎత్తింది నేనే. కవరు మూల కాలలేదు, కాలేజీ ముద్ర కనబడుతూనే ఉంది. నెల్లాళ్ళు అరుగు మీద కూర్చుంది పోస్టు కోసం కాదు, మీరు చెబుతారేమోనని.

నాన్నకి చెబితే మీ అన్నదమ్ములు విడిపోతారని నోరు మెదపలేదు. కూతురికి సీటు రాలేదనుకుంటూనే ఆయన పోయారు. మీ మీద కోపం ఎప్పుడో పోయింది. ఆయనకి చెప్పలేదన్న బాధే పోవడం లేదు. అందులో మీదెంతో నాదీ అంతే.

అప్పట్నుంచీ మన ఇంటికి ఏం రాసినా చేరిందని మీ చేత సంతకం పెట్టించుకున్నాను. మీ సంతకంతో తిరిగొచ్చిన ఆ రసీదు కార్డులన్నీ దాచాను.

ఆదివారం కారు వస్తుంది. కుర్చీకి ఎదురుగా నాన్న ఫొటో పెట్టాను. "తమ్ముడూ, మన పిల్లకి సీటొచ్చింది" అని ఆయనకి మీ నోటితో మీరే చెప్పండి.

మీ నీలవేణి

తా.క. దీనికి మామూలు స్టాంపే అంటించాను. అందకపోతే రాయండి.