వేడినీళ్ల పైపు

సూర్యాపేట, 2010 డిసెంబరు, ఆదివారం రాత్రి

మేడ మీదికి నీళ్లు మోయలేనని అలిగి సుజాత మిర్యాలగూడలోని పుట్టింటికి వెళ్లి నెల దాటింది. ఇవాళ పైకి పైపులేయించాను. తెల్లవి వేడినీళ్లకు ఆగవని, ఖరీదైనా మీగడ రంగువే తెచ్చాను.

“గీజరే లేదు కద సారూ, గీ పైపు ఎందుకు?” అన్నాడు ప్లంబర్ యాదగిరి.

“మా ఆమెకు చన్నీళ్లు పడవు,” అన్నాను, ఆమె ఇంట్లోనే ఉన్నట్టు.

జాయింట్లు అతికించాక, “గమ్ము గట్టిపడాలె. పొద్దుగాల దాక నల్లా తిప్పకుండ్రి,” అని చెప్పి వెళ్లాడు.

ఇల్లంతా గమ్ము వాసన. రెండుసార్లు ఫోన్ తీసి పెట్టేశాను. నా గొంతు వింటే కట్ చేస్తుంది. పొద్దున్నే ఫోన్ చేసి, నోరు మెదపకుండా, మేడ మీది నల్లా తిప్పి దాని దగ్గర పెడతాను. బకెట్ నిండేదాకానైనా వింటుందేమో.