మూలమట్టం పెట్టి బిగించిన ఇంజిన్

ఆదివారం, రాత్రి

చేతులకు ఇంకా పెట్రోలు వాసన. మనసంతా రోత.

పెద్ద మోడల్ విమానం ప్లైవుడ్ ముక్కుకు పెట్రోల్ ఇంజిన్ బిగించి మధ్యాహ్నం అన్నానికి లేచాను. ఎడమ బోల్టుల కింద వాషర్లు వేసి దాన్ని కావాలనే కాస్త కుడికి తిప్పాను. లేకపోతే ప్రొపెల్లర్ తిరిగే ఊపుకు విమానం ఎడమకు లాగేస్తుంది.

తిరిగొచ్చేసరికి నా బామ్మర్ది సతీష్, గ్రానైట్ బండలు పరిచే మనిషి, మూలలు సరిచూసే మూలమట్టం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"వంకర బిగించినవ్ బావా. వాషర్లు తీసేసి సక్కగ జేసిన."

బోల్టులు సరిగా కూర్చోలేదని రంధ్రాలను డ్రిల్‌తో పెద్దవి కూడా చేశాడు. ఆ ప్లైవుడ్ ఇక ఇంజిన్ అదురుకు ఆగుతుందా? గాల్లో ఇంజిన్ ఊడి ఎవరి నెత్తిన పడుతుందో...

నా భార్య రమ తన తమ్ముణ్ణే వెనకేసుకొచ్చింది. "మంచికే జేసిండు. గంత పరేషాన్ ఎందుకు?"

చేతులు కడుక్కోవడానికి వంటింట్లోకి వెళ్లాను. అక్కడి వంటగట్టు పోయినేడు సతీష్ వేసిందే. సింకు వైపు ఎక్కడా వాలు లేకుండా, అద్దంలా సమంగా పరిచాడు. చిందిన నీళ్లు సింకులోకి పోక ఎప్పటిలాగే మడుగు కట్టాయి.

నా వెనకే వచ్చిన రమ గుడ్డ తీసుకుని తుడిచింది.