స్టానర్‌బీ ఊరి కైఫీయతు

కువైటు,
14-12-90, శుక్రవారం.

మా ఇంటాయనకు వెంకటేశ్వరి దండాలు పెట్టి రాసుకునేది. ఈడ నేను ప్రాణాలతో, కాళ్ళూ చేతులూ ఉండాల్సిన తావులోనే ఉండి, బాగుండా. ఆడ నువ్వూ, అత్తా, పుష్పలతా బాగుండారని తలుస్తాండా. సైన్యం దిగిన ఊర్లో ఉండి బాగుండానంటే నమ్మవేమో. నా దస్తూరీ చూసుకో, చెయ్యి వణకలేదు. సంతోషం పట్టలేక అక్షరాలు కొంచెం పరిగెత్తుతాండాయి, అంతే.

ఈ జాబు ఈడ పక్కపేట ఖైతాన్‌లో ఉండే మన చిన్నపుల్లయ్య తెస్తాడు. రేపు బాగ్దాదు బస్సు ఎక్కుతాండాడు, ఆడ నుంచి విమానం. నేనూ వస్తాండానయ్యా! నా పాస్‌పోర్టు ఈ ఇంటి యజమానురాలు, మా మామా, బీరువాలో పెట్టి తాళం తీసుకుపోయింది గదా, దానికి బదులు మన ఇండియా ఆఫీసోళ్ళు ఒక కాగితం ఇస్తారంట, వారం పది దినాల్లో. ఈలోపల ఈ జాబు నాకంటే ముందర నీ చేతికి అందాల. యాలనో కడాన చెప్తా.

ముందు నీ జాబుకు జవాబు. జూలై ఆఖర్లో వచ్చింది, ఈ గలాటాకు ముందు వచ్చిన కడపటి టపా అదే. నాలుగున్నర నెలలు దిండు కింద పెట్టుకున్నందుకు మడతల కాడ చినిగిపోయింది. బర్రెను అమ్మాలా అని అడిగినావు. ఈపాటికి అమ్మేసే ఉంటావు, నన్ను అడిగేది నీకొక ముచ్చట. మన పాప పుష్పలతకు చెవులు కుట్టించు, నాకోసరం ఆగొద్దు. అత్త మోకాళ్ళకు తైలం కొని పెట్టినా, నాతోపాటే వస్తుంది. ఇంగ నువ్వు కాగితం మూలకు చిన్న అక్షరాలతో ఇరికించిన ప్రశ్న ఒకటుండాది: మీ ఇంట్లో మగాళ్ళు ఎంతమంది అని. చదివి నవ్వొచ్చింది, మంటా ఎత్తింది. ఆ పొద్దే రాసుంటే నలుగురని రాసేదాన్ని. ఇప్పుడు ఉన్నదున్నట్టు చెప్తాండా. ఆగస్టు నుంచి మొన్నటిదాకా ఒక్కడే. ఆడదాన్ని నేనొక్కదాన్నే. జాబు చింపొద్దు, కడదాకా చదువు.

ఆయప్ప పేరు విల్‌ఫ్రెడ్. ఇంగ్లీషు దొర, అరవై మూడేండ్లు, పెండ్లాం చచ్చిపోయింది, తల మీద వెంట్రుకలు లెక్కపెట్టొచ్చు. మా మామా ఇంటి మిద్దె మీద పదకొండేండ్లుగా బాడుగకు ఉంటూ బడిలో పాఠాలు చెప్తాండె. సెలవులకు మా మామా వాళ్ళంతా కైరోకు పోయినారు, ఇంటి కాపలాకు నన్ను ఉంచినారు. ఆగస్టు రెండో తేదీ పొద్దున లేస్తే వీధిలో బాగ్దాదోళ్ళ ట్యాంకులు. రెండు వారాలకు తెలిసింది, ఇంగ్లీషోళ్ళను, అమెరికావోళ్ళను పట్టుకుపోయి బాంబులు పడే తావుల్లో అడ్డం కూర్చోబెడతాండారని. వాళ్ళను దాచిపెట్టినోళ్ళకు ఉరి అని రేడియోలో చెప్పినారు.

నేను దాచిపెట్టినా. నా మాదిరే ఈడ పనికొచ్చిన రాయచోటి గౌసియా బీ సెప్టెంబరులో రెండుతూర్లు వచ్చి బస్సులో సీటుండాది రమ్మని బతిమాలింది. మామా ఇల్లు వదిలి రాలేనని అబద్ధం చెప్పినా. ఆమె ఇంటికి చేరి నీతో ఏం చెప్పిందో, నువ్వు నన్ను ఎన్ని తిట్టుకున్నావో నాకు తెలుసు. యాల రాలేదంటే ఏం చెప్పాల? నేను బస్సెక్కితే ఆ ముసలాయనకు గ్లాసు నీళ్ళిచ్చేవాళ్ళు లేరు, అంతే.

ఇంగ అసలు కత విను. ఆయప్పకు ఒక పిచ్చి ఉండాది. ఇంగ్లండులో వాళ్ళది స్టానర్‌బీ అని ఒక పల్లె, అరవై రెండిండ్లు. మన పక్క కరణాలు రాసిపెట్టిన కైఫీయతులు ఉంటాయి చూడు, ఊరు ఎట్ల పుట్టింది, గుంట ఎవరు తవ్వించినారు అని, అట్ల ఆ ఊరికి కైఫీయతు రాస్తాండె. ముప్పై ఏండ్లు ఏటేటా సెలవుల్లో పోయి ముసలోళ్ళ దగ్గర కూర్చోని, వాళ్ళు చెప్పింది చెప్పినట్టు పద్నాలుగు లావు నోటుబుక్కుల్లో ఎక్కించినాడు. ఈ ఏడు దాన్ని అచ్చుకు సిద్ధం చేయాలని సెలవులకు కూడా పోకుండా ఈడనే నిలిచిపోయినాడు. పోయింటే తప్పించుకునేవాడు, పాపం.

ఆగస్టు ఆఖర్లో మా వెనక వీధిలో ఒక ఇల్లు వెతికి, ఇంగ్లీషులో రాసిన కాగితాలు దొరికినాయని గోడ పగలగొట్టి, ఆడ దాగున్న ఒక ఇంగ్లీషాయన్ను పట్టుకుపోయినారు. నేను ఉరుక్కుంటా మిద్దెక్కి, ఆ పద్నాలుగు బుక్కులూ కాల్చేయాల అని చెప్పినా. ఆయప్ప తెల్లబోయినాడు. నా మెడ చూపించినా, ఆయన మెడ చూపించినా. ఇంగ ఒక్కొక్క బుక్కే తన చేత్తో అందించినాడు. కడాది మాత్రం నేనే గుంజుకోవాల్సి వచ్చింది. రొట్టెల పొయ్యిలో వేసి కాల్చినా. మూడు దినాలు ఆయప్ప బువ్వ ముట్టలేదు. పరాయోళ్ళ ఊరు నా చేత్తో తగలబెట్టినట్టయి నాకూ ముద్ద దిగలేదు.

నాలుగో దినం నాకు బుద్ధి పుట్టింది! మామా పిల్లోళ్ళ బడి బుక్కులు ఖాళీవి ఒక కట్ట ఉండాయి. అవి తీసుకుపోయి ఆయప్ప ముందర కూర్చోని, చెప్పు, నేను రాస్తా అన్నా. తెలుగు ఏ సిపాయి చదువుతాడు? పనిమనిషి ఇంటికి రాసుకునే జాబులనుకుంటాడు. ఆయప్పకు అరబ్బీ బాగా వస్తుంది, నాకు వంటింటి అరబ్బీ వస్తుంది. ఆయన ఇంగ్లీషులో తలచుకొని అరబ్బీలో చెప్తే నేను మన మాటల్లో రాసినా. ఏడో తరగతిలో నిలిపేసిన చదువు ఇట్ల పనికొచ్చింది.

అబ్బా, ఎన్ని సంగతులయ్యా! ఆ ఊర్లో ఆదివారం పూట ఇండ్లల్లో కట్టెలు చాలక, మాంసం పళ్ళేలు రొట్టెల భట్టీకి మోసుకుపోయేవాళ్ళంట. ఎవరి పళ్ళెం ఎవరిదో తెలిసేదానికి ఒక్కో ఇంటికి ఒక్కో గుర్తు. ఒక ఏడు వాగు పొంగి ఎవరి ఇంట్లోదో పియానో కొట్టుకుపోయి వంతెన కింద ఇరుక్కుంటే, తీసేదాకా నీళ్ళు తగిలినప్పుడల్లా మోగతాండెనంట. ఒక చేనికి ఆకలిమిట్ట అని పేరు, ఎంత చాకిరీ చేసినా పండదు. మన పెద్దనాయన చేను గుర్తొచ్చింది. యుద్ధంలో చచ్చిపోయినోళ్ళకు రాయి నాటినారు, పదకొండు పేర్లు, అందులో మూడు ఒకే తల్లి బిడ్డలవి. ఆ తల్లి బతికినన్నాళ్ళు ఆ రాయి ముందర నడవలేదంట, అంగడికి పోవాలన్నా చేలకు అడ్డంపడి పోయేదంట. ఆ మాట రాస్తా నేను ఏడ్చినా.

రాసేదాన్ని ఊరికే రాస్తానా? నా నోరు నీకు తెలుసు గదా. మీ ఊర్లో నీళ్ళు మోసింది ఎవరు, కాన్పులు చేసింది ఎవరు, శవానికి నీళ్ళు పోసింది ఎవరు అని అడిగినా.  ఆయప్ప ముప్పై ఏండ్లలో ఒక్కర్ని కూడా అడగలేదంట! ఒక్కొక్క ఇల్లే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటా వచ్చి, కాన్పులు చేసిందీ, శవాలకు స్నానం చేయించిందీ ఇంట్లోని ముసలవ్వ, తన జేజే అని చెప్పినాడు. చిన్నప్పుడు ఆమె చేతిసంచి తనే మోసినాడంట, కానీ బుక్కులో ఎక్కించాలని తోచలేదంట. అప్పటినుంచి నేను అడగడం, ఆయప్ప వెతుక్కోవడం. ఒక దినం నవ్వి, "కాలిపోయింది మగోళ్ళ ఊరు వెంకటేశ్వరీ, ఇది మొత్తం ఊరు" అన్నాడు. తొమ్మిది బుక్కులు నిండినాయి. స్టానర్‌బీలో ఏ గడప పక్కన ఏ గడపో ఇప్పుడు నేను కండ్లు మూసుకొని చెప్తా.

మొన్న సోమవారం ఆయప్ప పోయినాడు! ఇంగ్లీషోళ్ళందర్నీ వదిలిపెడతామని బాగ్దాదు పెద్దలు చెప్పినారు, కారు వచ్చింది, విమానం ఎక్కినాడు. తొమ్మిది బుక్కులూ కడుపుకు కరుచుకొని పోయినాడు. ఒక్క అక్షరం చదవలేడు. తెలుగోళ్ళు యాడున్నా వెతికి చదివించుకుంటా అన్నాడు. ఆ కారు మలుపు తిరిగినాక నేను వీధిలోనే గెంతినా, చూసేవాళ్ళు పిచ్చిదనుకోనీలే అని.

ఇంగ చెప్పక తప్పదు. ఎదురుగా చెప్పలేకనే ఈ జాబు.

నవంబరు తొమ్మిదో తేదీ సిపాయిలు మా ఇల్లు వెతికినారు. వాళ్ళు వస్తే ఆయప్ప నీళ్ళ ట్యాంకు వెనక దూరాల, అది మా ఏర్పాటు. ఆ పొద్దు ఆయప్పకు జరం, లేచి నిలబడలేడు. పక్కింటి తలుపు తంతాండారు. నాకు పుష్పలతకు నాలుగో ఏట అమ్మవారు పోసింది గుర్తొచ్చింది. పసుపు, నూనె కలిపి ఆయప్ప మొగానికి, చేతులకు దట్టంగా పూసినా. మీద కుంకుమ చుక్కలు పెట్టినా. తలకు నా చీర చుట్టి, గొంతుదాకా దుప్పటి కప్పి, కండ్లు తెరిస్తే నేనే చంపుతా అని చెప్పినా. వేపాకు ఈడ యాడిది? గోడకాడ రేగుచెట్టు రెమ్మలు విరిచి తలుపుకు కట్టినా. చేతులనిండా ముండ్లే.

ఒక అధికారి, ఇద్దరు సిపాయిలు వచ్చినారు. అడ్డం నిలబడి, జుదరీ, పెద్దమ్మవారు అని చెప్తే సిపాయిలు వెనక్కి తగ్గినారు. అధికారి తగ్గలేదు. ఎవరని అడిగినాడు. నా మొగుడు అన్నా. అవునయ్యా, అన్నా. పేరేమని అడిగినాడు.

మన పెండ్లయి పదిహేడేండ్లు. నీ పేరు నా నోట ఒక్కనాడు పలకలేదు. జనాభా లెక్కలాయన వస్తే పక్కింటి చిట్టెమ్మతో చెప్పించినా, పాస్‌పోర్టు ఆఫీసులో కాగితం మీద వేలు పెట్టి చూపించినా. పలికితే నీ ఆయుస్సు తగ్గుతుందని మా జేజి నాకు నేర్పింది. నాలుక లేయలేదు. మొగుని పేరు తెలియని పెండ్లాం ఉంటుందా? వాడికి అనుమానం వచ్చి, దుప్పటి గుంజమని సైగ చేసినాడు. సిపాయి రెండడుగులు వేసినాడు.

"రామసుబ్బయ్య," అన్నా. గట్టిగానే అన్నా.

ఇంకో పేరేదైనా చెప్పకూడదా అంటావు. నేనూ తర్వాత అట్లే అనుకున్నా. నా మొగుడని నోట అన్నాక, దాని వెనక ఇంకో మగోని పేరు రాలేదయ్యా. వాడు ఆ పేరు అరబ్బీలో రాసి, ఈడ పెద్ద జబ్బుండాది ఎవరూ రావద్దని తలుపుకు అంటించి పోయినాడు. నెల దినాలు ఏ సిపాయీ గడప తొక్కలేదు. ఆయప్ప బతికింది నీ పేరు చాటున.

ఆ పొద్దు నుంచి నాకు నిద్ర లేదు. సిపాయిలకు భయపడలేదు, నీ ఆయుస్సుకు భయపడినా. టపా లేదు, నువ్వెట్లుండావో చెప్పేవాళ్ళు లేరు. తప్పు నాది, దేవుడు నన్నే అడగాల, నిన్ను కాదు. దినామూ దండం పెట్టుకొని ఇదే చెప్పినా. నువ్వు రాజంపేట బస్టాండుకు నీ కాళ్ళతో నడిచి రా. నిన్ను కండ్లతో చూడాల. తిట్టేదుంటే ఆడనే నిలబడి తిట్టు, వింటా. తిట్టేవాడుండాడంటే చాలు నాకు.

ఇంకొకటుండాది, నవ్వొద్దు. దొర పోయినాక ఇల్లంతా ఖాళీ అయింది. వంటింట్లో నిలబడి ఆ పేరు ఇంకోతూరి మెల్లగా పలికి చూసినా. బాగుంది.

ఇట్లు,
రామసుబ్బయ్య పెండ్లాం
వెంకటేశ్వరి