జూలీకి జడలు కట్టాయి

వన్ టౌన్, విశాఖపట్నం,
మార్చి 1984.

ప్రియమైన రత్నరాజు గారికి,

మీ దేవకుమారి వందనాలు. ఇక్కడ అత్తయ్య, నేను, జూలీ బతికే ఉన్నాం. ఈ ఉత్తరం అందేసరికి మీ ఓడ ఏ రేవులో ఉంటుందో నాకు తెలియదు. కంపెనీ ఆఫీసులో ఇచ్చి వస్తాను, వాళ్ళే పంపుతారు.

ముందు జూలీ సంగతి రాస్తాను, మీకు దాని మీదే కదా బెంగ. కలకత్తా నుంచి ఒళ్ళో పెట్టుకుని తెచ్చినప్పుడు ఈ కుక్కపిల్ల తెల్లగా, దూదిలా ఉండేది. "నేను లేనప్పుడు నీకు తోడుంటుంది దేవీ" అన్నారు. ఆ తోడు ఎలాంటిదో మీరు వచ్చి చూడాలి. ఆసుపత్రి నుంచి వచ్చి యూనిఫాం మార్చుకుని, కాస్త కాళ్ళు చాపుకుందాం అనుకునేలోపే ఒళ్ళోకి ఎక్కుతుంది. చెవుల వెనక చెయ్యి పెడితే ఉండలు. చంకల్లో, మెడపట్టీ కింద, తొడల వెనక అన్నీ ఉండలే. పొట్ట కింద బొచ్చయితే పాత కంబళి ముక్కలా అట్ట కట్టేసింది. నిన్న విప్పిన చోటే ఇవాళ మళ్ళీ కడుతోంది. ఒక్కో ఉండనీ మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, వేళ్ళతో విడదీసి, కొసల నుంచి దువ్వుకుంటూ పైకి రావాలి. మొదలు పట్టుకోకపోతే చర్మం లాగి కుయ్యిమంటుంది. నానితే మెత్తబడుతుందని ఒకసారి ఒళ్ళు కడిగాను. ఆరాక ఇంకా బిగుసుకుపోయింది. నా బుద్ధికి నాకే విసుగొచ్చింది.

మన వీధి సంగతి మీకు తెలుసు. రేవు వైపు నుంచి గాలి వీస్తే చాలు, ఓడలకెక్కించే ఇనుపఖనిజం ఎర్రదుమ్ము. ఆరేసిన తెల్ల చీర సాయంత్రానికి ఎర్రమట్టిలో ముంచి తీసినట్టు ఉంటుంది. కానీ దుమ్మయితే దులిపితే పోవాలి కదా! జూలీ ఒంటి మీద మాత్రం జిడ్డుగా పట్టుకుని వదలడం లేదు. ఎందుకో ఎంత ఆలోచించినా అంతుపట్టదు.

జాలరిపేట నుంచి చేపలు తెచ్చే నూకాలు నిన్న గుమ్మంలో గంప దించి, దీన్ని చూసి లెంపలేసుకుంది. "ఓలమ్మో, జడలు కట్టీసింది! ఇది అమ్మోరి జడమ్మా. కత్తిరించీకండి, కళ్ళు పోతాయి" అంది. లోపలి నుంచి అత్తయ్య, "మేం ప్రార్థన సేసుకునే వోళ్ళం. మా కుక్క మీదకి అమ్మోరెందుకొస్తాదే? ముందు సేప సూపించు" అని కేకేసింది. నాకు నవ్వొచ్చింది గానీ నవ్వే ఓపిక లేదు.

జూన్‌లో వస్తానన్నారు. ఎలాగో నెట్టుకొస్తాను. మీరు గుమ్మంలో అడుగు పెట్టగానే దువ్వెన మీ చేతిలో పెట్టేసి మంచమెక్కుతాను. అప్పుడు ఎవరు కుయ్యిమన్నా లేవను.

మీ రాక కోసం చూసే,
దేవకుమారి

*

వన్ టౌన్,
ఏప్రిల్ 1984.

రత్నరాజు గారికి,

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి బయట యేసుదానం గారు కలిశారు. మీ ఓడలోంచే సెలవుకి దిగారట. మీరెలా ఉన్నారని అడిగాను. "బావకేటి, బాగున్నాడు. ఇంకో ఏడాది ఉండిపోతానని సంతకం ఎట్టీసేడు గదా వదినా. నీకు రాయలేదేటి?" అన్నారు. పక్కన నలుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. "రాశారు, రాశారు" అని అబద్ధం చెప్పి వచ్చేశాను. ప్రార్థన చేసుకున్న నోటితో, గుడి మెట్ల మీదే!

నాకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. ఉండిపోతే ఉండిపోయారు, నాకొక్క ముక్క రాయకూడదా? ఊళ్ళో వాళ్ళ నోట వినాలా? మీరు కుక్కని తెచ్చింది నాకు తోడుకి కాదండీ, మీకు బదులుగా. ఆ సంగతి నాకిప్పుడు అర్థమైంది. అలిసిపోయాను. పగలు వార్డులో జబ్బు మనుషులు, సాయంత్రం చిక్కుపడ్డ కుక్క. ఈ ఇంట్లో నాకు మాట్లాడే మనిషి లేదు. అత్తయ్యకీ నాకూ మధ్య మాటలు కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అన్నంత వరకే. ఆవిడ మంచిదే, కాదనను. కానీ కాపరానికొచ్చిన మొదటి వారం నుంచీ ఎందుకో ముడుచుకుపోయింది. నేనేం తప్పు చేశానో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు.

తగరపువలసలో ఒక ఆసుపత్రిలో నర్సు కావాలంటే ఒప్పుకున్నాను. ఉండడానికి గది ఇస్తారు. జూన్‌లో చేరాలి. గదిలో కుక్కని ఉంచనివ్వరు కాబట్టి జూలీని నూకాలుకి ఇచ్చేస్తున్నాను. గుమ్మంలో అడిగితే, "అమ్మోరి కుక్కని కాదంటానేటి? పడవ కాడ ఉంటాది" అంది. ఆ ఇసకలో దాని బొచ్చు ఏమవుతుందో నేను ఆలోచించదలుచుకోలేదు. అత్తయ్య మీ అమ్మ, ఆవిడ సంగతి మీరు చూసుకోండి. మీ సంతకం గురించి గానీ నా ప్రయాణం గురించి గానీ ఆవిడకి నేనింకా చెప్పలేదు.

దేవకుమారి

*

వన్ టౌన్,
మే 1984.

రత్నరాజు గారికి వందనాలు.

మీ దగ్గర నుంచి జవాబు లేదు. పోయిన ఉత్తరం అంది ఉంటే చింపకండి, అందులో రాసిన కోపమంతా నిజమే. ఆ తరవాత జరిగింది కూడా వినండి.

మొన్న డ్యూటీ మారి మధ్యాహ్నమే ఇంటికొచ్చాను. పెరటి మెట్టు మీద అత్తయ్య కూర్చుని ఉంది. పక్కన కొబ్బరినూనె సీసా, మోకాళ్ళ మధ్య జూలీ. చేతినిండా నూనె వంచుకుని దాని చెవుల నుంచి తోక దాకా మర్దనా చేస్తూ, "కదలకే తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అంటోంది. అది కళ్ళు మూసుకుని మహారాణిలా కూర్చుంది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?" అన్నాను.

"కనబడతాలేదేటి? నూని రాస్తన్నాను. సిక్కు సులువుగా ఊడతాదని."

"రోజూ రాస్తున్నారా?"

"నువ్వు డ్యూటీకెల్లిన కాడ్నుంచి ఇదే కదా నా పని."

నాకు తల తిరిగింది. ఈవిడ నూనె రాయడం, ఆ నూనెకి రేవు దుమ్ము పట్టుకోవడం, నేనొచ్చి సాయంత్రమంతా ఊడదీయడం! "నా వేళ్ళు చూడండి, ఎలా ఒరుసుకుపోయాయో! మీకు పుణ్యముంటుంది, ఎవరు రాయమన్నారు?" అని అరిచేశాను. ఇన్నేళ్ళలో ఆవిడ మీద గొంతు లేపడం అదే మొదలు.

ఆవిడ లేవలేదు. సీసాకి మూత బిగించింది. "ఆడపిల్ల తలకి నూని రాత్తే సిక్కు పడదు. కుక్కకి పడతాదని నాకేటి తెల్సు? మగపిల్లల్నే కన్నాను. నువ్వొచ్చినప్పుడు, అమ్మయ్య, కూతురొచ్చింది, తల దువ్వుదారని నూని సీసా అట్టుకుని కూసున్నాను. జిడ్డత్తయ్యా, నర్సు టోపీ పాడైపోద్ది, వద్దన్నావు. మరి అడగలేదు. ఈ ఇంట్లో నా సేతికి తల ఇచ్చింది ఇదొక్కతే."

నాకు ఆ రోజు గుర్తు కూడా లేదండీ. డ్యూటీకి వేళవుతోందని ఏదో అనేసి ఉంటాను.

ఆవిడే మళ్ళీ అంది. "నూకాలుతో నువ్వన్నది ఇన్నాను. ఎల్తానంటే ఎల్లమ్మా, నానడ్డెట్టను. ఆడి సంతకం సంగతి యేసుదానం ముందు నాకే సెప్పేడు. నువ్వు బాధపడతావని నోరిప్పలేదు. ఆళ్ళ నాన్నా ఇంతే, ఓడెక్కితే దిగీవోడు కాదు. దీన్ని మాత్రం నూకాలుకి ఇచ్చీకు. నూని మానీమంటే మానీస్తాను."

ఆవిడ బాధపడుతుందని నేను దాచాను, నేను బాధపడతానని ఆవిడ దాచింది. ఇద్దరికిద్దరం సరిపోయాం.

కత్తెర తెచ్చాను. ఆవిడ పట్టుకుంది, నేను కత్తిరించాను. ఎర్రటి జిడ్డు ఉండలు మెట్టు నిండా పడ్డాయి. మిగిలిన నూనె పీల్చుకుంటుందని పెసరపిండి చల్లి దులిపాను. చివరికి జూలీ ఈకలు పీకిన కోడిలా తయారై, చాలా తేలికైపోయినట్టు పెరడంతా పరుగులు తీసింది. నూకాలు వచ్చి చూసి, "ఓరి దేముడోయ్!" అని కొంగుతో కళ్ళు మూసుకుంది. మా కళ్ళు ఇంకా బాగానే ఉన్నాయని చెప్పి పంపేశాం.

అప్పుడు నేను కింది మెట్టు మీద కూర్చుని తలపిన్నులు తీసేశాను. "ఆ సీసా ఇటు తియ్యండి" అన్నాను.

"జిడ్డవుతాది" అంది అత్తయ్య.

"అవనివ్వండి. రేపు సెలవు, కుంకుడుకాయతో రుద్దుకుంటాను."

ఆవిడ నా జుట్టుని మొదలు దగ్గర గట్టిగా పట్టుకుని, కొసల నుంచి దువ్వుకుంటూ వచ్చింది. నేను జూలీకి దువ్వినట్టే. ఒక్క వెంట్రుక కూడా లాగలేదు. చర్చి బయట రాని ఏడుపు అక్కడ వచ్చింది. ఆవిడ ఏమిటని అడగకుండా దువ్వుతూనే ఉంది.

తగరపువలస వాళ్ళకి రానని కబురు పంపాను. మీ కోసమని అనుకోకండి. జూలీకి ఇక నూనె లేదు, పొడి దువ్వెనే. పగలు అత్తయ్య దువ్వుతుంది, సాయంత్రం నేను దువ్వుతాను. నూనె నా తలకి వచ్చింది. మీ మీద కోపం నాకు పోలేదు, అత్తయ్యకీ పోలేదు. "మీ అబ్బాయికి ఏం రాయమంటారు?" అని ఇందాకే అడిగాను. జడ అల్లడం ఆపకుండా, "కుక్కకి బొచ్చు మల్లీ మొలుస్తన్నాదని రాయి. ఆడొచ్చేసరికి మనిద్దరికీ ఆడి అలవాటు తప్పిపోతాదని కూడా రాయి" అంది.

రాశాను.

మీ అమ్మగారి దగ్గరే ఉన్న,
దేవకుమారి