ఉత్తరంలో నేను రాయని మాట

సెప్టెంబర్ 12, 1978

రేపల్లె నుంచి వదిన ఉత్తరం. కొత్త రేషన్ కార్డు వచ్చిందట. "లేని మనిషి పేరు ఎందుకమ్మా అని గుమాస్తా అన్నాడు. నీ పేరు తీయించేశాం. ఏమీ అనుకోకు."

ఏమనుకోను? అమెరికా వచ్చిన ఈ ఐదేళ్లుగా ఆ బియ్యం నేను తినడమే లేదు. అయినా ఈ పూట అన్నం సహించలేదు. మా వైపు చచ్చినవాళ్ల పేరే కదా కొట్టేసేది...

సెప్టెంబర్ 16, శనివారం

హాస్పిటల్ డ్యూటీ లేదు. శనివారం మధ్యాహ్నం అంటే డంకన్ గారి ఉత్తరాలు. ఆయన చేతులు వణుకుతాయి, కళ్లకు శుక్లాలు. ఆయన ఇంట్లో మేడమీద గదిలో నేను అద్దెకు దిగిన దగ్గర్నుంచీ చదవడం నాదే, రాయడం నాదే. రాసేది ఒక్కరికే — స్కాట్లండ్‌లో సముద్రం ఒడ్డున ఉన్న చెల్లెలు జెస్సీకి. పెళ్లి చేసుకోలేదు. అన్నగారు వదిలి వచ్చిన ఇంట్లోనే ఒంటరిగా ఉంటుంది.

ఈసారి క్యాసెట్ పంపింది. టీచరమ్మ సభ. ఆమెకా పేరు నేను పెట్టుకున్నదే — జెస్సీతో పాటు ఒకే బడిలో పాఠాలు చెప్పేదట, ఇప్పుడు పార్లమెంటు మెంబరు. స్కాట్లండ్ వేరే దేశం కావాలనే పార్టీ. టేపులో కుర్చీలు జరిపే చప్పుడు, దగ్గులు, పైన సముద్రపు పక్షుల అరుపు. నిజాంపట్నం రేవులో మైకు పెట్టినట్టే ఉంది. మాట నాకు సగమే అర్థమైంది. గొంతు మాత్రం పెద్దది కాదు... అయినా హాలంతా నిశ్శబ్దం.

"ఆమె గెలిచాకే మేమంటూ ఉన్నామని లండన్ వాళ్లకి తెలిసింది" అన్నారు డంకన్ గారు. త్వరలో ఓటింగట — తమకంటూ ఒక శాసనసభ కావాలా వద్దా అని.

"మీ దగ్గర ఇలాంటివి ఉన్నాయా, లాస్?" లాస్ అంటే వాళ్ల ఊళ్లో అమ్మాయ్ అన్నట్టట. నాకు ముప్పై తొమ్మిది.

డెబ్బై రెండులో మావాళ్లూ ప్రత్యేక రాష్ట్రం కావాలని రైళ్లు ఆపారన్నాను.

"నువ్వేమన్నావు?"

"నేను వార్డులో డ్యూటీలో ఉన్నానండి."

గట్టిగా నవ్వారు. ఈ వారం మొత్తానికి ఈ ఇంట్లో వినపడిన నవ్వు అదొక్కటే.

సెప్టెంబర్ 30, శనివారం

జెస్సీ ఉత్తరం. ఓటర్ల జాబితా ఫారం ఇంటికి వచ్చిందట. ఏటా తన పేరు కింద అన్నగారి పేరు కూడా రాస్తుందట — ముప్పై ఏళ్లుగా! "ఇంటి ఫారంలో నా పేరొక్కటే ఉంటే చూడలేను అలెక్. ఈసారీ రాయనా?"

డంకన్ గారి ముఖం ముడుచుకుపోయింది. "కొట్టెయ్యమని రాయి. లేని మనిషి పేరు ఎందుకు?"

అచ్చం రేపల్లె గుమాస్తా మాట. పెన్ను ఆగిపోయింది నాది.

ఆయన చూడలేదు. మోకాలి నొప్పి, పెరట్లో ఉడత, చలి మొదలవడం — చెప్పుకుంటూ పోయారు. అన్నీ రాశాను. ఆ ఒక్క మాట రాయలేదు. సంతకం చోట ఆయన వేలు పట్టుకుని పెన్ను పెట్టించాను, కవరు అంటించాను, పోస్టులో వేసి వచ్చాను.

కోపంలో అన్నారులే. ఒక ఆడమనిషి ముప్పై ఏళ్లు రాసుకున్న పేరు నా చేత్తో నేనెలా కొట్టేస్తాను?

అక్టోబర్ 1

ఇక్కడి తెలుగువాళ్ల ప్రార్థన కూటం, కరుణక్క ఇంట్లో. పులిహోర, కోడి కూర. అందరూ జంటలే. నిన్నటి సంగతి చెప్పలేదు.

నవంబర్ 23

ఊరంతా థాంక్స్‌గివింగ్ పండగ. పిల్లలున్నవాళ్లు సెలవు అడుగుతారు, నేను డబుల్ డ్యూటీ అడుగుతాను. తెలివైన ఏర్పాటు.

ఫిబ్రవరి 3, 1979, శనివారం

ఉత్తరం రాలేదు. భోజనం దగ్గర డంకన్ గారు నాకు ఓటింగు పాఠం చెప్పారు, పళ్లెంలో బఠాణీలతో.

అవునన్నవాళ్లు ఎక్కువైతే చాలదట. జాబితాలో ఉన్న పేర్లన్నిటిలో నూటికి నలభై మంది అవునని ఓటు వెయ్యాలట. అంటే రానివాళ్లూ, వెళ్లిపోయినవాళ్లూ, పేరు మిగిలిన ప్రతివాడూ వద్దన్నట్టే లెక్క. లండన్‌లో ఎవరో పెట్టిన మెలిక.

ఒక బఠాణీని వేలితో పళ్లెం బయటికి తోశారు. "ఇది నేను. అందుకే నా పేరు తీయించాను, లాస్. వదిలేసి వచ్చినవాణ్ని, కనీసం టీచరు దారికి అడ్డుండకూడదు కదా. నా దేశానికి నేను చేసింది అదొక్కటే."

బఠాణీ దొర్లి కింద పడింది. తీయడానికి టేబుల్ కిందకి వంగి... అక్కడే కాసేపు ఉండిపోయాను.

అది కోపం కాదన్నమాట! నేనెవర్ని, ఆయన మాట దేనికో తేల్చడానికి? ఆ క్షణంలోనే చెప్పాల్సింది. తేలు కుట్టిన దొంగలా లేచి పళ్లేలు తీసేశాను.

ఫిబ్రవరి 24, శనివారం

జెస్సీ ఉత్తరం. పైకి చదివేలోపు నా కళ్లు ముందు పరుగెత్తాయి.

టీచరమ్మే స్వయంగా గడప గడపకీ తిరుగుతోందట, చేతిలో జాబితాతో. జెస్సీ తలుపు తట్టి "అలెగ్జాండర్ డంకన్ ఉన్నారా?" అని అడిగిందట. అమెరికాలో ఉన్నాడంటే, "అయ్యో, అయితే మీ అన్నయ్య అవతలి పక్షంలో చేరిపోయాడే" అందట. నవ్వుతూనే అందట. కింద జెస్సీ: "అడిగాను, నువ్వేమీ చెప్పలేదు. ఎప్పటిలాగే రాశాను. తప్పు చేశానా అలెక్?"

"ఏం రాసింది?"

"టీచరమ్మ ఇంటికి వచ్చారట. టీ తాగి వెళ్లారట."

"నా గురించి అడిగిందా?"

"ఆరోగ్యం ఎలా ఉందని అడిగారట."

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి, సంతోషంతో. ఇంతకన్నా శిక్ష ఏముంటుంది?

మార్చి 2

షార్ట్‌వేవ్ రేడియోలో లండన్ వార్తలు. అవునన్నవాళ్లే ఎక్కువ. కానీ నలభై కాదు, ముప్పై మూడు కూడా నిండలేదు. గెలిచీ ఓడిపోయారు.

"ఎందరు లేనివాళ్లు లెక్కలోకి వచ్చారో" అన్నారు డంకన్ గారు, రేడియో కట్టేయకుండానే.

నేను గిన్నెలు కడుగుతూనే ఉన్నాను. కడిగినవే కడుగుతున్నానని తర్వాత తెలిసింది. ఇంత తేడాలో ఒక్క పేరు ఏపాటిది? ఏమీ కాదు. నాకూ తెలుసు ఆ లెక్క.

మార్చి 4, ఆదివారం

కరుణక్కకి చెప్పేశాను, వంటింట్లో.

"ఏందే సుగుణా, నువ్వు ఆయనకి పెళ్లానివా తల్లివా, మాట దాయడానికి? చెప్పింది రాయాల, అంతే. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?" మళ్లీ తనే అంది — "ఊర్కో. ఒక్క పేరుకి దేశం మునిగిపోద్దా ఏంది? అయినా చెప్పెయ్. లేకపోతే నీకు నిద్ర పట్టదు, నాకు తెల్సు నీ సంగతి."

ఒక్క పేరు. దాన్నే పట్టుకుని ఇంటికొచ్చాను.

మార్చి 28

సాయంత్రం తలుపు తీసేసరికి డంకన్ గారు నిలబడి ఉన్నారు. చేతికర్ర లేకుండా.

"కూలిపోయింది, లాస్! లండన్ ప్రభుత్వం! మావాళ్లు ఎదురు తిరిగారు, టీచరూ ఎదురే వేసింది. ఎంతలో పోయిందో తెలుసా? ఒక్క ఓటు! ఒక్కటంటే ఒక్కటి!"

టేబుల్ మీద గుద్దారు. కప్పులు ఎగిరాయి. నేనూ నవ్వాను.

ఒక్క పేరేగా అనుకున్న ఆ కాస్త ఊరటా పోయింది.

మే 4

ఎలక్షన్లు. లండన్‌లో ఆడమనిషి ప్రధానమంత్రి, వార్తలన్నీ ఆమెవే. టీచరమ్మ పార్టీవాళ్లు పదకొండు మంది ఉండేవారు, ఇద్దరు మిగిలారు. టీచరమ్మ ఓడిపోయింది.

"తను కూల్చిన గోడ తన మీదే పడింది" అన్నారు డంకన్ గారు. క్యాసెట్ పెట్టనా అంటే వద్దన్నారు. సూప్ అలాగే చల్లారిపోయింది.

భుజం మీద చెయ్యి వెయ్యాలనిపించింది. వార్డులో రోజుకి ఇరవై మంది భుజాల మీద వేస్తాను. ఇక్కడ రాలేదు చెయ్యి.

జూన్ 23, శనివారం

ఆ శాసనసభ చట్టమే రద్దు చేశారట. జెస్సీకి ఉత్తరం, నాలుగు ముక్కలు. అన్నీ వాతావరణం గురించే.

అక్టోబర్ 6, శనివారం

మళ్లీ వచ్చింది. తప్పించుకోలేని ఉత్తరం.

"ఫారం వచ్చింది అలెక్. కిందటేడు అడిగితే ఏమీ చెప్పలేదు. టీచరు వచ్చి అడిగిన సంగతి రాసినా జవాబు లేదు. నా మీద కోపమా? ఈసారి రాయనా, వద్దా?"

చదివాను. ఒక్క మాట వదలకుండా పైకే చదివాను. ఆయన చెవి మీద చెయ్యి పెట్టుకుని, "మళ్లీ చదువు" అన్నారు. మళ్లీ చదివాను. ఆ తర్వాత నేను చేసింది మొత్తం చెప్పాను. ఫిబ్రవరి ఉత్తరం తెచ్చి అదీ చదివాను. అవతలి పక్షం అన్న మాటతో సహా.

ఆయన ఉత్తరం నా చేతిలోంచి తీసుకుని మడత పెట్టారు.

"ఎందుకు?"

రేషన్ కార్డు సంగతి చెప్పాను. ఇంగ్లీషులో చెబితే అది మరీ చిన్నదైపోయింది.

"అది బియ్యం" అన్నారు. "ఇది దేశం."

బియ్యం కాదు డంకన్ గారూ. అలా అనలేదు పైకి. ఇక్కడ రాసుకుంటున్నాను.

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగారు. "నా చేతులు వణుకుతాయని నీ చెయ్యి అడిగాను. నీ చెయ్యే అడిగాను, లాస్. నీ బుద్ధి కాదు."

అక్టోబర్ 13, శనివారం

కాగితాలు తీయలేదు. ఆయన పిలవలేదు.

నవంబర్ 22

మళ్లీ డబుల్ డ్యూటీ. వచ్చేసరికి స్టవ్ మీద ఒక పళ్లెం, మూత పెట్టి ఉంది. నాకేనా? అడగలేదు. తినేశాను.

డిసెంబర్ 29, శనివారం

రేడియో పక్కన జెస్సీ ఉత్తరాలు మూడు, కవర్లు చించకుండానే. తను చదవలేరు. నన్ను అడగరు. గుడ్ మార్నింగ్, గుడ్ నైట్ — అంతే మాకున్న భాష ఇప్పుడు.

వార్డులో ఎవరూ లేనివాళ్లను చాలామందిని చూశాను. నేనూ వాళ్లలో ఒకదాన్నని ఈ చలికాలమే తెలిసింది.

ఫిబ్రవరి 17, 1980

కరుణక్క వాళ్ల అపార్ట్‌మెంట్స్‌లో గది ఖాళీ అవుతోందట. "మనోళ్ల మధ్య ఉంటావు, వచ్చెయ్" అంది. సరేనన్నాను. మార్చి ఆఖరు సోమవారం వాళ్లాయన కారు తెస్తారట.

మార్చి 24

డంకన్ గారికి చెప్పాను, వారంలో ఖాళీ చేస్తానని. తల ఊపారు. ఉత్తరాలు ఐదయ్యాయి.

మార్చి 29, శనివారం

"లాస్!"

మెట్ల కింద నుంచి. అక్టోబర్ తర్వాత మొదటిసారి.

టేబుల్ మీద గవర్నమెంటు కవరు, నిన్నటి పోస్టులో వచ్చింది. పక్కన పెన్ను. నా కుర్చీ బయటికి లాగి ఉంది.

"జనాభా లెక్కలట. చదువు."

ఏప్రిల్ ఒకటో తారీఖున ఈ ఇంట్లో ఉండేవాళ్లందరి పేర్లూ రాయాలి.

"అలెగ్జాండర్ డంకన్. రాశావా?"

"రాశానండి."

"నేను చెప్పిందే రాశావా?"

"మీరు చెప్పిందే."

రెండో గీత మీద పెన్ను పెట్టి ఎదురుచూశాను. ఆయన కిటికీ వైపు తిరిగారు. "మంగళవారం ఒకటో తారీఖు. ఆ రోజు నువ్వెక్కడుంటావు?"

పైన సూట్‌కేసు సర్ది ఉంది.

"ఆ గీత మీద ఏం రాయాలో నేను చెప్పను. ఎవరి పేరు వాళ్లే చెప్పుకోవాలి." ఐదు కవర్లూ నా ముందుకి తోశారు. "తొందరేం లేదు. ముందు ఇవి చదువు. మొత్తం."

చదివాను. మొత్తం. జెస్సీకి ఫ్లూ వచ్చి తగ్గింది. టీచరమ్మ మళ్లీ గడపలు తిరుగుతోంది. మూడో ఉత్తరంలో — "జవాబు రాకపోయినా ఫారంలో నీ పేరు రాసేశాను అలెక్. తిడితే తిట్టు, ఏదో ఒకటి రాయి."

చదవడం ఆపి ఆయన వైపు చూశాను. కళ్లు మూసుకుని ఉన్నారు. "ఆపకు" అన్నారు.

ఐదూ అయిపోయాయి. సాయంత్రమైంది. కరుణక్క ఫోన్ చేసింది, సోమవారం పదింటికి కారు, రెడీగా ఉండమని. ఊఁ అన్నాను.

ఫారం ఇంకా టేబుల్ మీదే ఉంది. నేను దాని ముందే కూర్చుని ఇది రాస్తున్నాను. నా పేరు నేను రాసుకోవడానికి చెయ్యి వణుకుతోంది.